ప్రేమించుటయు ప్రదర్శించుటయు



కుక్కలను గూర్చి సంఘ పత్రికలో వ్రాయుట ఏమిటని మీలో కొందరు అనుకొందురేమో. మన గ్రామములలో కుక్కకు గడప అవతలనే స్థానము. పరిశుద్ధ గ్రంథములో సహితము దాని పేరు చాలచోట్ల తిట్టుగానే కనబడును. మెఫీబోషెతు దావీదు ఎదుట తన్ను తాను తగ్గించుకొన్నప్పుడు చచ్చిన కుక్కతో పోల్చుకొనెను. అయినను ఈ నెల మేము ఒక కుక్కల కథను గూర్చియే వ్రాయబూనితిమి. ఏలయనగా ఆ కథలో కుక్కలకంటె మనుష్యులే యెక్కువగా బయటపడిరి.

2000 సంవత్సరమున అమెరికాలో 'బెస్ట్ ఇన్ షో' అను హాస్యచిత్రము విడుదలయ్యెను. దర్శకుడు క్రిస్టఫర్ గెస్ట్. ఆయనయు యూజీన్ లెవీ అను నటుడును కలిసి కథను కల్పించిరి. సంభాషణలు ముందుగా వ్రాయలేదు. ఏ ఘట్టములో ఏమి జరుగవలెనో నిర్ణయించుకొని, మాటలను మాత్రము నటులే అప్పటికప్పుడు పలికిరి. అందుచేత ఎవరో కెమెరా పట్టుకొని ఇంటింటికి పోయి నిజమైన మనుష్యులను మాటలాడించినట్లుండును. ముందే ఒక హెచ్చరిక చేయవలెను. అందులోని పరిహాసములు కొన్ని పిల్లలతో కూర్చుండి వినదగినవి కావు. మేము ఒక స్నేహితుని యింట పెద్దవారము మాత్రమే కూర్చుండి చూచితిమి. ఆ యింటి మామ్మగారు కూడ మాతో కూర్చుండెను. ఆమెకు ఇంగ్లీషు రాదు. మనుమడు ప్రక్కన ఉండి చెప్పుచుండెను.

కుక్కల ప్రదర్శన అనగా ఏమో మనలో చాలమందికి తెలియదు. 1859లో ఇంగ్లండు దేశములోని న్యూకాసిల్ పట్టణమున జరిగినది మొదటి ప్రదర్శనలలో నొకటి. అమెరికాలో పేరుపొందిన వెస్ట్‌మిన్‌స్టర్ ప్రదర్శన 1877లో న్యూయార్కులో ఆరంభమాయెను. మొదటి సంవత్సరమే సుమారు 1,200 కుక్కలు వచ్చెను. ఈ పోటీలో కుక్క కుక్కతో పరుగెత్తదు, పోట్లాడదు. ఒక్కొక్క జాతి యెట్లుండవలెనో, చెవి యెంత, వీపు ఏ తీరు, నడక యేమి, వెండ్రుక యెట్టిది, అంతయు ముందే వ్రాసియుంచెదరు. న్యాయాధిపతి పండ్లు చూచును, వీపు తడవును, యజమానునితో కూడ నడిపించి చూచును. ఆ వ్రాతకు ఏ కుక్క మిక్కిలి దగ్గరగా నున్నదో అది తన జాతిలో గెలుచును. పిమ్మట జాతులన్నిటిని గుంపులుగా చేసి, గుంపునకు ఒకదానిని ఏర్పరచి, తుదకు ఆ కొన్నిటిలో ఒక్కదానికి పెద్ద బహుమానమిత్తురు. చిత్రములోని ప్రదర్శన ఫిలడెల్ఫియాలో జరుగునట్లు కల్పించిరి. చూచువారికి వెస్ట్‌మిన్‌స్టరే జ్ఞాపకమునకు వచ్చును.

ఆ ప్రదర్శనకు నలుదిక్కులనుండి యజమానులు బయలుదేరుదురు. ధనవంతుని భార్యయైన యొక స్త్రీ రెండుసార్లు గెలిచిన తెల్లని పూడుల్ కుక్కను తెచ్చును; దానిని పెంచి నేర్పునది మాత్రము జీతమునకు పెట్టుకొనిన మనిషి. శీజూ అను చిన్న కుక్కతో ఇద్దరు పురుషులు వత్తురు. రెండు దినముల ప్రయాణమునకు వారు తెచ్చిన బట్టల పెట్టెలు చూచినయెడల పెండ్లివారేమో యనిపించును. వీరిని గూర్చి మాకు చెప్పవలసినది ఎక్కువ లేదు. మా మనస్సు మూడు ఇండ్లవారియందే నిలిచెను.

మొదటివారు స్వాన్ దంపతులు. చదువు గలవారు, ఉద్యోగములు గలవారు. వారి కుక్క పేరు బియట్రిస్. అది దిగులుగా నున్నదని తలంచి దానిని మనోవ్యాధుల వైద్యునియొద్దకు తీసికొనిపోవుదురు. ప్రదర్శన దినమున దాని ఆటబొమ్మ, తేనెటీగ ఆకారముగలది, కనబడకపోవును. అంతట భార్యాభర్తలు ఒకరిమీద నొకరు కేకలు వేసికొందురు. బసలోని పనివారిని గద్దింతురు. అంగడివాడు అటువంటిదే మరియొక బొమ్మ చూపినయెడల వానిమీద మండిపడుదురు. ఈ గందరగోళమంతటి తరువాత బియట్రిస్ ప్రదర్శన స్థలములో న్యాయాధిపతిమీదికి ఎగబడును. దానిని పోటీనుండి వెళ్లగొట్టుదురు. ఇక్కడనే మామ్మగారు నవ్వుట మానివేసి మాతో అనెను: "అయ్యగారూ, జబ్బు ఆ మూగజీవికి కాదండీ. ఆ పిల్లకీ, ఆ పిల్లవాడికీను." కథ చివర ఆ దంపతుల ఒడిలో వేరొక కుక్క కనబడును. వారు మిక్కిలి సంతోషముగానున్నారు.

రెండవవాడు హార్లన్ పెప్పర్. ఉత్తర కరొలైనాలో చేపలవేటకు కావలసిన సామానులు అమ్ముకొను మనిషి. ఈ పాత్రను దర్శకుడే ధరించెను. గెస్ట్ ఇంగ్లండులో తండ్రితాతలనుండి వచ్చిన ప్రభు పదవిగలవాడు. అట్టివాడు ఈ పల్లెటూరి వర్తకునిలోనికి ఎంత మెత్తగా ప్రవేశించెనో చూడదగినది. హార్లన్ తన బ్లడ్‌హౌండ్ హ్యూబర్టును బండిలో ఎక్కించుకొని, దారి పొడుగున దానితో మాటలాడుచు వచ్చును. పెద్ద బహుమానము రాదు. అతడు దానిని గూర్చి ఎవరితోను తగవులాడడు.

మూడవవారు ఫ్లోరిడానుండి వచ్చిన ఫ్లెక్ దంపతులు, గెరీయు కుకీయు. వారిది వింకీ అను చిన్న నార్విచ్ టెర్రియర్. గెరీకి పుట్టుకతోనే రెండు పాదములును ఎడమ పాదములే! బసలో డబ్బు చెల్లించు కార్డు పనిచేయకపోగా, సామానులు పెట్టు కొట్టులో పండుకొందురు. తుది పోటీ వేళకు కుకీ మోకాలు బెణకగా, ఎన్నడును కుక్కను నడిపింపని గెరీ దానిని పట్టుకొని రంగములోనికి పోవలసివచ్చెను. రెండు ఎడమ పాదములతో ఎట్లు నడచునోయని మేమందరము ఊపిరి బిగబట్టితిమి. వింకీయే గెలిచెను.

ఈ దంపతులు స్వయముగా పాడు పాట యొకటి చిత్రములో గలదు. దేవుడు టెర్రియర్ కుక్కను ప్రేమించుననునదే దాని పేరు. మొదట మేము పగలబడి నవ్వితిమి. ఇంటికి వచ్చిన తరువాత ఆ మాట మమ్మును విడువలేదు. నవ్వదగినది ఏమున్నది? యోనా గ్రంథము ఏ మాటతో ముగియుచున్నదో తీసి చూడుడి. నీనెవె పట్టణముమీద దేవుడు జాలిపడుటకు కారణములు చెప్పుచు, అక్కడి మనుష్యులతోపాటు పశువులను కూడ లెక్కలోనికి తీసికొనెను. ఫ్లెక్ దంపతుల పాటలో గెలిచిన టెర్రియర్ అని లేదు. ఓడినను వారు దానినే పాడియుందురని మేము నమ్ముచున్నాము. స్వాన్ దంపతులు అట్టి పాట పాడగలరా?

ఇక్కడనే మా ప్రశ్న. ఒక జీవిని ప్రేమించుచున్నామనుకొనినప్పుడు, ఆ జీవినే ప్రేమించుచున్నామా, లేక దానిమూలముగా మనకు వచ్చు ఘనతనా? రెండును బయటికి ఒక్కతీరుగానే యుండును. ఇద్దరును దువ్వుదురు, ఇద్దరును మేలైన ఆహారము పెట్టుదురు, ఇద్దరును రాత్రి మేలుకొందురు. మన సంక్రాంతి దినములలో బండలాగుడు పోటీలకు ఒంగోలు గిత్తలను తీసికొనిపోవు రైతులను చూడుడి. గిత్తలకు ఉలవలు పెట్టి తాను గంజి త్రాగు రైతు ఉన్నాడు. ఓడిన గిత్తను అందరియెదుట ముల్లుకఱ్ఱతో పొడుచు రైతును ఉన్నాడు. పోటీకి ముందు వీరిద్దరిలో ఎవరు ఎవరో చెప్పుట ఎవరి తరము?

ఇది కేవలము మనస్సులోని సంగతియని విడిచిపెట్టుటకు వీలులేదు. ఘనతకోరిక జీవుల శరీరములలోనికే ప్రవేశించినది. బుల్‌డాగ్ అను జాతిని పూర్వము ఇంగ్లండులో ఎద్దులమీదికి ఉసికొల్పుటకు పెంచిరి. 1835లో ఆ క్రూరమైన ఆటను చట్టముచే నిషేధించిరి. తరువాత ఆ కుక్క ప్రదర్శనలకు వచ్చెను. ముఖము ఎంత చదునైన అంత అందమని ఎంచి, తరతరములుగా అట్టివానినే జతపరచిరి. ఫలితమేమనగా, ఈ కుక్కలలో అనేకములు ఎండలో ఊపిరి తీయుటకు కష్టపడును; పిల్లల తలలు పెద్దవగుటచేత చాల తల్లులకు కడుపు కోసియే పిల్లలను తీయవలసివచ్చుచున్నది. 2008లో బి.బి.సి. వారు మేలుజాతి కుక్కల వ్యాధులను గూర్చి ఒక చిత్రమును ప్రసారము చేయగా గొప్ప అలజడి పుట్టెను. మరుసటి సంవత్సరము వారు ప్రసిద్ధమైన క్రఫ్ట్స్ ప్రదర్శనను ప్రసారము చేయుట మానిరి. కుక్కల సంఘమువారును జాతి లక్షణముల వ్రాతలను సవరించిరి. ఆ వ్రాతలు వ్రాసినవారు కుక్కలను ద్వేషించినవారు కారు. వారందరును కుక్కల ప్రియులే! ఈ సంగతి మమ్మును మిక్కిలి కలవరపరచెను.

నాతాను దావీదుతో చెప్పిన ఉపమానము మీకు తెలియును. ఆ బీదవానికి ఒకే గొఱ్ఱెపిల్ల. అది అతని పిల్లలతోకూడ పెరిగి, అతని కంచములోనిదే తిని, అతని రొమ్మున పండుకొనెను. అతడు దానిని ఏ సంతలోను ఎవరికిని చూపలేదు. జీవిని ప్రేమించుట వెఱ్ఱియని నాతాను అనలేదు. ఆ ప్రేమను ఆధారము చేసికొనియే రాజును దోషిగా నిలువబెట్టెను. కాబట్టి కుక్కను బిడ్డవలె చూచు మనిషిని చూచి మేము నవ్వుదుము గాని తప్పుపట్టము. ఈ చిత్రములోని నవ్వును అట్టిదే. వెఱ్ఱిగా ప్రేమించు వారిని అది చక్కిలిగిలి పెట్టి విడుచును. ప్రేమ పేరుతో ఇతరులను త్రొక్కువారియెడల మాత్రమే కఠినమగును. అపహాసకుల నవ్వునకును దీనికిని భేదము ఇదేయని మాకు తోచినది. చిత్రములో ప్రదర్శనను వర్ణించి చెప్పు వ్యాఖ్యాత యొకడు గలడు. కుక్కలను గూర్చి అతనికి ఏమియు తెలియదు, నోరు మాత్రము మూయడు. వానిని చూచి నవ్వుచుండగా, ఇతరుల యిండ్లను గూర్చి అరుగులమీద కూర్చుండి మనము చెప్పు తీర్పులు జ్ఞాపకమునకు రాకపోలేదు.

ఇంకొక సంగతి చెప్పనిదే ఈ వ్యాసము నిజమైనది కానేరదు. కొన్ని సంవత్సరముల క్రిందట క్రిస్మసు కార్యక్రమములో మా కుమారుడు వాక్యములు అప్పగింప నిలువబడెను. తొమ్మిదేండ్లవాడు. ఇంటిలో తడబడక చెప్పినవాడే. అక్కడ నాలుగు వచనములు చెప్పి, అయిదవది జ్ఞాపకము రాక, సంఘమంతటిని చూచి, పిమ్మట మావైపు చూచెను. మేము తల వంచుకొంటిమి. ఇంటికి పోవు దారిలో వానితో మాటలాడలేదు. చీకటిలో వాడు మా చెయ్యి పట్టుకొనబోగా, లాంతరు ఈ చేతినుండి ఆ చేతికి మార్చుకొంటిమి. ఆ రాత్రి మేము దుఃఖించినది వాక్యము మరచిపోబడినందుకని అప్పుడు మాకు మేము చెప్పుకొంటిమి. వాక్యమునకు ఏ నష్టమును కలుగలేదు. నష్టము కలిగినది మా పేరునకు. ముందు వరుసలో కూర్చున్నవారు ఏమనుకొనిరోయన్నదే మా బాధ.

స్వాన్ దంపతులు ఆ తేనెటీగ బొమ్మకై పరుగులెత్తుచుండగా నవ్వినవారిలో మేమును ఉంటిమి. నవ్వు సగములో ఆ లాంతరు జ్ఞాపకమునకు వచ్చెను. మా కుమారుడు ఇప్పుడు పెద్దవాడై దూరములో పని చేయుచున్నాడు. ఆ సంగతి వానికి జ్ఞాపకమున్నదో లేదో ఎన్నడును అడుగలేదు. ఈ వ్యాసము అచ్చుకు పోవుటకు ముందు వానికి ఒక ఉత్తరము వ్రాసితిమి.

చిత్రము ముగిసిన రాత్రి మామ్మగారు మొట్టమొదట లేచిరి. వంటయింటిలో కుండ అడుగున మిగిలిన అన్నము చేతితో గోకి తీసి, కొంచెము మజ్జిగ పోసి, పెరటి తలుపు తెరచి, "దా, దా" అని పిలిచిరి. చెవి చినిగిన యొక ఎఱ్ఱ కుక్క చీకటిలోనుండి వచ్చెను. దాని పేరేమని మనుమడు నవ్వుచు అడిగెను. పేరెందుకురా, పిలిస్తే వస్తుందిగా అని ఆమె తలుపు దగ్గరనే, అది తినుట ముగించువరకు నిలువబడెను.