ఆ చీకటిని అలాగే ఉండనీ

అమ్మలూ, భద్రాచలంలో పాత కాఫీ హోటల్ ఫొటోలు తీస్తావట, మీ అమ్మ చెప్పింది. వెళ్లిరా. భద్రాచలం రోడ్ స్టేషన్‌లో దిగి గోదావరి కోసం వెతక్కు. ఆ స్టేషన్ కొత్తగూడెంలో ఉంది, అక్కణ్ణుంచి ఇంకో 40 కిలోమీటర్లు బస్సెక్కాలి. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలోది. మనం టీ బళ్లవాళ్లం, అక్కడి ఫిల్టర్ కాఫీ మోజు ఆ జిల్లా నుంచే వచ్చిందని నా అనుమానం.

తెల్లవారుజామునే పో. లోపల ఒకటో రెండో దీపాలుంటాయి. ఫ్లాష్ మాత్రం తియ్యకు, హోటలంతా పెళ్లి ఆల్బమ్ అయిపోతుంది. నీ 1.8 లెన్సు పూర్తిగా తెరువు, ఐఎస్‌ఓ 3200 పెట్టు. చాలకపోతే 6400కి పోనీ, గరుకు కనిపిస్తే కనిపించనీ. షట్టర్ దగ్గరే అసలు తిరకాసంతా. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, చవక ఎల్‌ఈడీలు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గానీ 1/250 పెట్టావంటే ఫొటోలో అడ్డంగా నల్ల పట్టీలు పడతాయి. 1/100 పెట్టుకో, లేదా 1/50. మాస్టరు కాఫీ తిరగబోసేటప్పుడు ధార చెదిరితే మంచిదే. 1/50కి మాత్రం స్తంభానికి ఆనుకుని, మోచేతులు ఒంటికి ఆనించి తియ్యి.

కెమెరా చీకటి చూసి కంగారుపడి గోడల్ని తెల్లబరుస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించు. ఆవిరి పడాలంటే వెలుగు గ్లాసు వెనకనుంచి రావాలి, దాని వెనక నలుపుండాలి. దీపం ఫ్రేములోకి రాకుండా నాలుగడుగులు అటూ ఇటూ జరిగి చూసుకో. పసుపు బల్బూ తెల్ల ట్యూబూ రెండూ ఉంటే రంగులు సరిచెయ్యాలని తంటాలు పడకు. రా ఫైల్ తీసుకో, ఇంటికొచ్చాక చూద్దాం.

ముందు కాఫీ తాగి, డబ్బులిచ్చి, తర్వాత అడుగు. మాస్టరు చేతికి అడ్డం నిలబడకు, అది వాళ్ల రద్దీ వేళ. సంత రోజైతే గూడేల నుంచి కోయవాళ్లొస్తారు. మంచి ముఖం దొరికిందని దూరం నుంచి దొంగచాటుగా తియ్యకు. వద్దంటే దండం పెట్టి పక్కకి రా. సరేనంటే ఒక ప్రింటు తప్పకుండా పంపు, వాట్సాప్‌తో సరిపెట్టకు.

శ్రీరామనవమి రోజుల్లో మాత్రం వెళ్లకు. ఆ జనంలో గ్లాసు దొరకడమే గగనం, ఇంక ఫొటో ఎక్కడ నిలబడి తీస్తావు?