ఆగమని ఎవరు చెప్పాలి?

మన పెద్దవాళ్లు "నిదానమే ప్రధానం" అంటారు. మళ్లీ వాళ్లే "ఆలస్యం అమృతం విషం" అని తొందరపెడతారు. ఈ రెండు మాటలూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే రోజు వింటాం. మరి ఆగడం మంచిదా, చెడ్డదా? ఈ ప్రశ్నను పసిఫిక్ మహాసముద్రం మధ్యలో, భూమధ్యరేఖ దగ్గరున్న ఒక చోటును చూసి ఆలోచిద్దాం.

కిరిబాటి అనే దేశంలో 33 దీవులున్నాయి. అక్కడివాళ్లు ఆ పేరును కిరిబాస్ అని పలుకుతారు. అందులో తరావా ముఖ్యమైనది. తరావా అంటే ఒకే దీవి కాదు. పగడపు దిబ్బ మీద దండలో పూసల్లా వరసగా ఉన్న సన్నని దీవులు. ఒక పక్క మహాసముద్రం, ఇంకో పక్క లోతు తక్కువైన ఉప్పునీటి మడుగు. నేల చాలాచోట్ల సముద్రం కంటే 2, 3 మీటర్ల ఎత్తు మాత్రమే ఉంటుంది. ఉత్తర తరావాలో పోటు వేళ దీవికీ దీవికీ మధ్య నీళ్లు నిండుతాయి. ఆటు వేళ ఆ నీళ్లు తగ్గి, చాలాచోట్ల నడిచే అవతలికి పోవచ్చు.

ఆ దారికి ఒక లెక్క ఉంది. ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుకే ఆటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్యకీ పున్నమికీ నీళ్లు బాగా తగ్గుతాయి, అష్టమి రోజుల్లో అంతగా తగ్గవు. కాబట్టి ఒడ్డున ఆగినవాడు సోమరి కాదు. ఎప్పుడు బయలుదేరాలో, ఎప్పటిలోగా తిరిగి రావాలో తెలిసినవాడు. తెలిసి ఆగడం వేరు, ఏమీ తోచక కూర్చోవడం వేరు.

ఇంకో సంగతి. సముద్రం ముందు అందరూ సమానమే. 1943 నవంబరు 20న, రెండో ప్రపంచ యుద్ధంలో, అమెరికా సైన్యం తరావాలోని బేషో దీవి మీద దిగింది. ఎన్నో యుద్ధనౌకలు వెంట ఉన్నాయి. కానీ ఆ రోజు పగడపు దిబ్బ మీద పడవలు దాటేంత నీళ్లు లేవు. సైనికులు గుండ్ల వర్షంలో వందల గజాలు నీళ్లలో నడవాల్సి వచ్చింది. మూడు రోజుల్లో వెయ్యిమందికి పైగా అమెరికన్లు, 4,000 మందికి పైగా జపాన్ పక్షంవాళ్లు చనిపోయారు. అంత బలం ఉన్నా సముద్రాన్ని ఒక్క అడుగు పెంచలేకపోయారు.

అయితే ఎప్పుడూ ఆగాల్సిందేనా? జ్వరంతో ఉన్న పిల్లను ఎత్తుకున్న తల్లికి ఓపిక గురించి చెప్పడం న్యాయమా? కాదు. 1987లో జపాన్ సాయంతో బేషోకీ బైరికీకీ మధ్య సముద్రం మీద రోడ్డు కట్ట వేశారు. దానివల్ల ఆసుపత్రికీ బడికీ పనికీ ఏ వేళనైనా పోవచ్చు. కానీ తరావాలో వేసిన ఇలాంటి కట్టల వల్ల మడుగుకీ మహాసముద్రానికీ మధ్య నీటి రాకపోకలు తగ్గాయి, చేపల దారులకు అడ్డు పడింది. మనిషికి దారి తెరిచినచోట చేపకు దారి మూసుకుపోయింది. కట్ట వేయడం తప్పని నేను అనను. ఏది మూస్తున్నామో చూసుకుని వేయాలంటాను.

ఇప్పుడు ఆ దీవులవాళ్లకు ఇంకో రకం ఎదురుచూపు వచ్చింది. భూమి వేడెక్కి సముద్రమట్టం పెరుగుతోంది. పెద్ద పోటులు ఇళ్ల దాకా వస్తున్నాయి, మంచినీటి బావుల్లో ఉప్పు కలుస్తోంది. 2014లో ఆ ప్రభుత్వం ఫిజీలో భూమి కూడా కొన్నది. ఈ వేడికి వాళ్లు చేసింది చాలా తక్కువ. పొగ ఎక్కువగా వదిలిన దేశాలు మాత్రం సమావేశాలు పెట్టి, ఇంకొంత కాలం ఆగమంటున్నాయి.

ఆటు కోసం ఆగేటప్పుడు ఊరిపెద్దా కూలివాడూ ఒకే ఒడ్డున నిలబడతారు. ఆరు గంటల్లో నీళ్లు తగ్గుతాయన్న నమ్మకం ఇద్దరికీ ఉంటుంది. మనుషులు పెట్టే ఎదురుచూపులో అలా ఉండదు. ఆగమనేవాడు మెట్ట మీద ఉంటాడు, ఆగేవాడి కాళ్ల కిందికి నీళ్లు వస్తుంటాయి. నిదానమే ప్రధానమని మనకు మనం చెప్పుకుంటే అది మంచి గుణం. దాన్నే కష్టంలో ఉన్నవాళ్లకు చెప్పేముందు, మనం కూడా ఆ ఒడ్డునే ఉన్నామా అని చూసుకోవాలి. లేకపోతే ఆ నోటితో చెప్పాల్సింది "ఆలస్యం అమృతం విషం" అనే మాటే, అదీ ముందు మనకే.