చూడాలనిపించి బయల్దేరితే

ఏడాది చివరికొచ్చాం. ఒంటరిగా ఊళ్లు తిరిగే ఆడదాన్ని నేను. ఈ సంవత్సరం నా మనసులో నిలిచిపోయిన మాట ఒకటి మీతో పంచుకుంటాను.

వరంగల్ వెళ్లే పల్లెవెలుగు బస్సులో నా పక్కన ఒక పెద్దమ్మ కూర్చుంది. కొంగు ముడి విప్పి ఆధార్ కార్డు చూపించింది. కండక్టర్ ఇచ్చిన జీరో టికెట్టును మళ్లీ అదే ముడిలో భద్రంగా కట్టుకుంది. “ఎక్కడికమ్మా?” అంటే, “వెయ్యి స్తంభాల గుడి సూడనీకి పోతున్న బిడ్డా” అంది. పెళ్లికి కాదు, పరామర్శకు కాదు, ఆస్పత్రికి కాదు. చూడాలనిపించింది, బయల్దేరింది.

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పేరుతో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. టికెట్టు డబ్బుల కోసం ఇంట్లో ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు. ఇది చిన్న విషయం కాదు. కానీ బస్టాండులో శుభ్రమైన మరుగుదొడ్డి, వీధి దీపాలు, రాత్రిపూట ఊరికి బస్సు లేకపోతే ఆ స్వేచ్ఛ పొద్దు గూకేసరికే ముగిసిపోతుంది. దారిలో ఇబ్బందని గుక్కెడు నీళ్లు కూడా తాగకుండా కూర్చునే ఆడవాళ్లను ఈ ఏడాదీ చూశాను.

1870ల్లోనే పోతం జానకమ్మ అనే ఆవిడ ఇంగ్లండ్ చూసొచ్చి, ఆ అనుభవాలను తెలుగులో రాసింది. ఇన్నేళ్ల తర్వాత కూడా మన ఆడవాళ్లు ప్రతి ప్రయాణానికీ సంజాయిషీ చెప్పుకోవాలా?

కొత్త సంవత్సరంలో మీ అమ్మో, భార్యో, కూతురో ఊరెళ్లొస్తానంటే, “ఎందుకు, ఎవరితో?” అని నిలదీయకండి. “వంటా ఇల్లూ మేం చూసుకుంటాం” అని చెప్పి, నిశ్చింతగా వెళ్లి రమ్మనండి.