నామము, స్థానము, వ్యక్తి

దుబాయినుండి యూసుఫ్‌గూడలోని పుట్టింటికి వచ్చిన యొక స్త్రీ తన 3జీ ఫోనును తెఱచినంతనే, ఇచటి నెట్‌వర్కు ఆమెను గూర్చి ఆమె సొంత నెట్‌వర్కు నడుగును. ఎస్‌ఎస్‌7 అను సంకేతజాలమున ప్రతి కేంద్రమునకును పాయింట్ కోడ్ అను చిఱునామా గలదు. అది మన దేశమున 14 బిట్లది, అనఁగా 16,384 విలువలకు మించనిది, అమెరికాలో 24 బిట్లది. స్వదేశపుఁ గోడ్ పరదేశమునఁ జెల్లదు గావున, ఆ ప్రశ్న గ్లోబల్ టైటిల్ అను నామముతో బయలుదేఱును. నడుమ నున్న కేంద్రములు గమ్యము నెఱుఁగకయే, ఆ నామమును బట్టి తరువాతి మజిలీని మాత్రము నిర్ణయించి పంపును. అంతిమస్థానము నెఱుఁగనివారి చేతులమీఁదుగా సందేశము తప్పక చేరుట నాకు మిక్కిలి యాశ్చర్యకరము.

అట్లయిన నామె యెవరు? ఊరు మాఱినప్పుడు కేంద్రపుఁ గోడ్ మాఱును. సిమ్ పోయి క్రొత్తది తెచ్చుకొన్నచో అందలి ఐఎమ్‌ఎస్‌ఐ అను చందాదారు గుర్తింపుసంఖ్య మాఱును, ఫోను నంబరు నిలుచును. 2011లో మన దేశమంతట నంబరు పోర్టబిలిటీ వచ్చినది మొదలు సంస్థ మాఱినను నంబరు మాఱుట లేదు. ఛాందోగ్యోపనిషత్తున ఉద్దాలకుఁడు తన కుమారుఁడైన శ్వేతకేతువునకు నామరూపములకు వెనుకనున్న సత్తును బోధించెను. కాని యీ సంకేతజాలము వెదకఁగలది నామమును, స్థానమును మాత్రమే. ఆ సంఖ్యలనే వ్యక్తిగా నెంచుట దోషమని నా నిశ్చయము.