నిరాడంబరత – దాని భారము

ఆంగ్ల రచయిత జార్జ్ ఆర్వెల్ 1946లో లండను కోలాహలము విడిచి, స్కాట్లండు పశ్చిమతీరమందలి జూరా ద్వీపమున బార్న్‌హిల్ అను ఒంటరి ఇంట కాపురముండెను. విద్యుత్తు లేదు, టెలిఫోను లేదు, అంగడి ఇంచుమించు 25 మైళ్ల దూరము. ఆయన కూరమళ్లు త్రవ్వెను, కోళ్లను పెంచెను, చేపలు పట్టెను. తన చివరి నవలను అచటనే 1948లో ముగించెను.

ఇట్టి జీవనమును మనము మెచ్చుకొందుము, మెచ్చదగినదే. కాని ఆ ఇంట వంట, ఇంటిపనులు, పెంపుడు బిడ్డ సంరక్షణ – వీనిలో అధికభాగము మోసినది ఆయన సోదరి అవ్రిల్. ఒకరు కోరికలు తగ్గించుకొనగా వేరొకరి చేతులకు పని పెరిగినచో, తగ్గినది ఎవరి భారము? పాఠకులు తమ ఇంటి వంటగదివైపు ఒకమారు చూచి ఉత్తరమీయవలెను.

క్షయరోగము ముదిరి ఆర్వెల్ 1949 జనవరిలో ద్వీపము విడిచెను. ఇల్లు నడుపుటకు అవ్రిల్ అచటనే నిలిచెను.