పట్టమునకు వయస్సు లేదా?

హిమాయత్‌నగరపు వీధులలో సాయంకాలమున నడచువారికి వైద్యుల నామఫలకములు వరుసగాఁ గనఁబడును. వానిమీఁద వైద్యుని పేరుండును, పట్టములుండును, రోగులను జూచు వేళలుండును. ఒక్కటి మాత్ర ముండదు: ఆ పట్టము నే సంవత్సరమున సంపాదించెనో యది. 30 ఏండ్లనాఁటి పట్టమును, నిన్నటి పట్టమును ఒకే రంగుతో మెఱయుచుండును. లోపల బల్లమీఁదఁ దనవంతుకై కనిపెట్టుకొని యున్న గృహస్థుఁడు ఆ సంగతి యడుగఁడు. అడుగుట యమర్యాద యని యాతని తలంపు.

ఒకనాఁడు చదివిన చదువు వైద్యునకు జీవితాంతము చాలునా? ఇది శాస్త్రప్రశ్నవలెఁ గనఁబడును గాని, నిజమునకు ధర్మప్రశ్న. ఏలయన, చదువు పాతపడినప్పుడు నష్టపడువాఁడు చదివినవాఁడు కాఁడు, మంచముమీఁద నున్నవాఁడు.

ఇందుకు దృష్టాంతము మన నగరమందే కలదు. 1846 లో నెలకొన్న హైదరాబాదు వైద్యపాఠశాలకుఁ దరువాతి కాలమున నధ్యక్షుఁడైన ఎడ్వర్డు లారీ, క్లోరోఫారముచే రోగి మరణించుట శ్వాస నిలుచుటవలననే గాని గుండె నిలుచుటవలనఁ గాదని నమ్మెను. దీనిని బరీక్షించుటకై 1888 లో నొక సంఘమును, 1889 లో రెండవ సంఘమును ఇచ్చటఁ గూడినవి. రెండవదానికి ఆఱవ నిజాము ధనసాహాయ్యము చేసెను. లండనునుండి లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధవైద్యుఁడు వచ్చెను. వందలకొలఁది జంతువులపైఁ బరీక్షలు జరిగినవి. ఊపిరిని గనిపెట్టిన జాలును, నాడిని జూడ నక్కఱలేదను సిద్ధాంతము వెలువడెను. వారు మూర్ఖులు కారు, సోమరులును గారు. అయినను 1911 లో లెవీ అను పరిశోధకుఁడు, కొలఁదిగా క్లోరోఫార మిచ్చిన పిల్లులయందు గుండెయే హఠాత్తుగా లయదప్పి ప్రాణము దీయఁగలదని చూపెను.

1889 నాఁటి సిద్ధాంతమును నేర్చి, 1911 తరువాత నేమియుఁ జదువని వైద్యుఁ డొకఁ డుండెననుకొందము. ఆతఁడు అసత్యమాడలేదు, లోభియుఁ గాఁడు. అయినను నాడిని విడిచి యూపిరినే చూచుచుండును. ఆతని మంచితనము రోగి గుండెను నిలుపునా?

వేయిమందిని జంపినఁగాని వైద్యుఁడు కాఁడని సామెత చెప్పి మనము నవ్వుదుము. ఆ నవ్వులో వైద్యుని యనుభవమే కనఁబడును గాని యా వేయిమంది కనఁబడరు. అనుభవము గొప్పదే. కాని చదువు తోడులేని యనుభవము ఒకే పొరపాటును ముప్పదియేండ్లు ధైర్యముతోఁ జేయించును.

2002 నాఁటి వైద్యనీతి నియమములు, వైద్యుఁడు ఐదేండ్లకు 30 గంటలైన విద్యాసభలలోఁ బాల్గొనవలెనని చెప్పినవి. అనఁగా ఏఁటికి 6 గంటలు! నియమము వ్యర్థమనను, మెట్టులేనిచోట మొదటి మెట్టు మేలే. కాని గంటలు కూర్చుండుటను లెక్కించును. మాఱిన మనస్సును లెక్కింపలేవు. దానికి సాక్షి వైద్యుని యంతరాత్మ యొక్కటియే.

అయినఁ దప్పంతయు వైద్యునిదేనా? వైద్యుఁడు మనయెదుట పుస్తకము తెఱచినచో, ఈయనకేమియుఁ దెలియదని ప్రక్కవీధికిఁ బోదుము. రేపు చూచి చెప్పెదనన్నచో, ఇచ్చిన రుసుము వృథయయ్యెనని గొణుగుదుము. సందేహ మెఱుగనివానినే సమర్థుఁడందుము. ఇట్లు తెలియమిని దాచుకొనుట వైద్యునకు మనమే నేర్పుచున్నాము. ఆ విద్యకు మూల్యమును మన యింటివారే చెల్లించుచున్నారు.

కావున, ఈ వ్యాధివిషయమునఁ గ్రొత్తగాఁ దెలిసిన దేమైనఁ గలదా యని వినయముతో నడుగుదము. నేను నేర్చినది మాఱినదని చెప్పు వైద్యునియెడ మనకు గౌరవము పెరుగవలెను గాని తఱుగరాదు. వైద్యుని నారాయణుఁడని మ్రొక్కుట మన యాచారము. నారాయణుఁడు సర్వజ్ఞుఁడు, ఆయనకుఁ జదువవలసిన దేమియు లేదు. వైద్యునకుఁ గలదు. ఈ భేదము నాతఁడును మనమును మఱవకుండుటయే రోగికి రక్ష.