తెల్లవారువరకు ఆగని పాదములు

ధ్యాన భాగము: లూకా 24:28–35



కొంతకాలము క్రిందట సంఘపు పనిమీద ప్రొద్దుటూరులో బస్సెక్కి హైదరాబాదునకు వెళ్లితిమి. పులివెందులలో పెరిగి, ఆ నగరములో ఉద్యోగము చేయుచున్న యొక యౌవనస్థుని యింట బసచేసితిమి. 2011లో మొదలైన హైదరాబాదు మారథానులో 42 కిలోమీటర్ల పైచిలుకు పరుగెత్తవలెనని అతని కోరిక. పగలు తీరికలేనందున రాత్రి పది దాటిన తరువాత సాధన చేయుచుండెను. “మీరును రండి, అయ్యగారూ” అనగా, నలువది దాటిన మేమును నవ్వుకొనుచు వెంట వెళ్లితిమి.

హుస్సేన్ సాగరు ఒడ్డున నెక్లెస్ రోడ్డుమీద పరుగు సాగినది. 1992లో నీటి నడుమ నిలిపిన బుద్ధ విగ్రహము దీపకాంతిలో కనబడుచుండెను. పగటివేళ మన కంటబడనివారు ఆ రాత్రి కనబడిరి: వీధులూడ్చు స్త్రీలు, ఇంటింటికి భోజనపు పొట్లములు చేర్చు కుర్రవాండ్రు, మూసిన అంగళ్ల యెదుట కూర్చున్న కావలివారు. ఖైరతాబాదు వైపు తిరుగునప్పటికి మాకు ఆయాసము వచ్చి నడక పట్టితిమి. అప్పుడొక కావలివాడు లేచి, “అయ్యగారూ! మా యమ్మ బాగుండాదా? గుడికి వస్తాందా?” అనెను.

అతడు జమ్మలమడుగు ప్రాంతమువాడు, మా సంఘస్థుడే. శనగపంట పోయి, అప్పు మీదపడి, మూడేండ్ల క్రిందట చెప్పకుండ ఊరు విడిచెను. “అప్పు తీరినాక వస్తామనుకుంటి అయ్యగారూ. అప్పు తీరలా, ఏండ్లు మాత్రం పోయినాయి” అని తలవంచుకొనెను. యౌవనస్థుడు తన పరుగు మాని టీ తెచ్చెను. ముగ్గురము కాలిబాటమీదనే కూర్చుంటిమి.

ప్రియులారా, మా తప్పు దాచము. ఈ మూడేండ్లును ఆ తల్లి ప్రతి ఆదివారము కుమారునికొరకు ప్రార్థించుమని అడిగెను, మేము ప్రార్థించితిమి. అయితే వాడెక్కడున్నాడని ఒక్కరినైనను విచారించలేదు. దేవునికి అప్పగించితిమని చెప్పుకొని చేతులు దులుపుకొంటిమి.

మరునాటి రాత్రి బస్సెక్కి, ఇంకను చీకటియుండగానే జమ్మలమడుగులో దిగితిమి. ఇంటికిపోయి నిద్రించి, ఆదివారము చెప్పవచ్చునని మనస్సు చెప్పెను. అప్పుడు ఎమ్మాయు శిష్యులు జ్ఞాపకమునకు వచ్చిరి. ప్రొద్దుగ్రుంకుచున్నదని అతిథిని ఆపినవారు వారే. రొట్టె విరిచినప్పుడు ఆయన ప్రభువని తెలిసిన గడియలోనే లేచి, ఆమడ దూరము నడచి యెరూషలేమునకు తిరిగి వెళ్లిరి. వారిచేత దీపమున్నట్లు లూకా వ్రాయలేదు. పట్టణములో దుఃఖించుచున్నవారికి చెప్పవలసిన వార్త వారియొద్ద నుండెను, అదే చాలెను.

మేము నేరుగా ఆమె గుడిసెకు పోయి తలుపు తట్టితిమి. కుమారుడు కనబడెనని చెప్పగా, ఆమె అడిగిన మొదటి మాట, “వాడు తింటాండాడా?” అప్పును గూర్చి అడుగలేదు. తెల్లవారకముందే తల్లియు కుమారుడును ఫోనులో మాటలాడుకొనిరి.

మీ కుటుంబ ప్రార్థనలో ఎవరి పేరు పలుకుచున్నారు? బెంగుళూరునకో, కువైటునకో వెళ్లి, సిగ్గుచేత మౌనముగా నున్నవారెవరు? ఆమేన్ అనిన తరువాత వారికొరకు రెండడుగులు వేయుడి. వచ్చే ఆదివారమువరకు ఆగవద్దు.

ప్రార్థన: ప్రభువా, మా పెదవులు పలికిన పేర్లయొద్దకు మా పాదములను నడిపించుము. ఆమేన్.